ఇంటి నెంబరు

ఆ ఫారంలో మూడో గడి దగ్గర
అందరి పెన్నూ ఆగుతుంది.
ఇంటి నెంబరు, వీధి పేరు.

కొండ మీది రాతి గుడిసెకి నెంబరేమిటి?
గొర్రెలు నడిచి నడిచి వేసిన దారికి పేరేమిటి?
మొఖోట్లాంగ్ బజార్లో, ఉన్ని గోదాము పక్కన
ఒక జిరాక్సు మిషనూ, ఒక జిగురు సీసా, నేనూ.
నా రేకుల కొట్టుకి మాత్రం నెంబరుంది. పద్నాలుగు.
"నాదే రాసెయ్" అన్నాను మొదటి పిల్లతో,
పేజీకి ఒక లోటి తీసుకునే అన్నాను.
ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ల లెక్కలో
నా కొట్లో నలభై ఒక్క మంది కాపురం.

గుర్రాల మీద వస్తారు, ఉన్ని లారీలెక్కి వస్తారు,
సెంకూ నది తగ్గి పడవ కదిలిన రోజున వస్తారు.
దుప్పటి మడతలోంచి మార్కుల కాగితం తీస్తే
పొయ్యి పొగ వాసన.
పోలీసు ముద్రకి ఒక పూట, ఫోటోకి ఇంకో పూట,
కరెంటు పోతే నా బల్ల కింద ఒక రాత్రి.
లెక్కల్లో తొంభై తెచ్చుకున్న నియెవే
ఈమెయిలంటే ఏమిటని నా చెవిలో అడిగింది.
నాకూ నిరుడే తెలిసింది.
ఆ మాట చెప్పలేదు.

రాజధాని నుంచి ఒకాయన వచ్చాడు, మెరిసే బూట్లు.
"ఇక్కడి పిల్లలకి చదువు మీద ఆసక్తి లేదా?"
ఖాళీ ఫారం ఒకటి కాపీ తీసిచ్చాను.
ఏటికి అవతల కూర్చుని నింపి
ఏటికి ఇవతల ఇవ్వమన్నాను.
నవ్వాడు. డబ్బులివ్వడం మర్చిపోయాడు.

ఏరు దాటినవాళ్లు తెప్ప తగలేస్తారంటారు.
ఏమో.
నర్సు చదువుతున్న పిల్ల ఒకతి
టోనరు డబ్బా పంపింది బస్సులో.

ఈ జూలైలో ఉత్తరాలూ మంచూ కలిసే వచ్చాయి.
పన్నెండు కవర్లు, పదకొండు వెళ్లాయి.
మిగిలింది మోత్లాలెపులాది.
వానని వెంటబెట్టుకొచ్చినవాడని ఆ పేరుకి అర్థం.
వాన సంగతి సరే నాయనా, దారేది?
సీటు ఒప్పుకుంటూ సంతకం పంపడానికి గడువు శుక్రవారం.
లారీ డ్రైవరు కనుమ దగ్గరే వెనక్కి తిరిగాడు.
వాళ్ల ఊళ్లో సిగ్నలు ఒక బండ మీదే ఉంటుందట,
మేక ఎక్కితే మేకకే అందుతుంది.

పాడైన కాపీలు నేను పారెయ్యను.
శుక్రవారం నాలుగింటికి
వంకరపోయిన ఒక కాపీలో అతని సంతకం దొరికింది.
అద్దం మీద పెట్టి, కింద దీపం వెలిగించి,
దాని మీదుగా పెన్ను నడిపించాను.
చెయ్యి వణికింది.
అతనిదీ వణుకుడు రాతే, కలిసిపోయింది.

తప్పే.
పంపేశాను.

ఇంకా రాలేదు అతను.
కవరు మిషను మీద పెట్టాను.
అక్కడ కాస్త వెచ్చగా ఉంటుంది.