నీటిమట్టం పుస్తకం

పొద్దున ఎనిమిదింటికి, మళ్లీ రాత్రి ఎనిమిదింటికి
కారాసూ ఏట్లో పాతిన ఇనుప కొలబద్ద మీద
నీళ్లు ఎక్కడ నిలిస్తే ఆ అంకె.
అంతే, మా అమ్మమ్మ సైరకూల్ ఉద్యోగం.

అట్టలు ఊడిన నలభై మూడు పుస్తకాలు
గోధుమపిండి బస్తా పక్కన పేర్చి ఉండేవి.
నేను అంకెలు దిద్దింది వాటి మీదే.
నూట పన్నెండు. నూట పద్నాలుగు. నూట పద్నాలుగు.
మంచు.
మంచుకు కన్నం పొడిచి చూస్తే, తొంభై.

ఆమెను ఆ పనిలో పెట్టిన దేశం
ఒకరోజు లేకుండా పోయింది.
రూబుళ్లు పోయి సొమ్‌లు వచ్చాయి,
ఆ పైన రెండేళ్లు అవీ రాలేదు.
ఏటికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
లాంతరు పట్టుకుని ఆమె మెట్లు దిగింది,
తొంభై ఏడు అని గొణుక్కుంటూ ఎక్కింది.
"జీతమివ్వనోళ్లకి లెక్కలెందుకే?" అని తాత అరిస్తే
"ఏరు మానేసిందా?" అని అడిగిందట.

పుస్తకాలు తిరగేస్తే ఇంటి కథంతా దస్తూరీలో దొరుకుతుంది.
మా అమ్మ పుట్టిన రాత్రి అంకె తాతది,
పెన్సిలు ములుకు విరిగేలా నొక్కి రాసింది.
తాతని పూడ్చిన రోజుది పక్కింటి కానిమెత్‌ది.
గొల్లుమంటున్న గుడారంలోంచి
ఒక మనిషి వేళకి లేచి
ఏటిదాకా నడిచాడన్నమాట.

కుమిస్ తోడు కూడా ఆమె దగ్గరే ఉండేది.
చలికాలం గుర్రప్పాలు ఉండవు.
తోలుతిత్తి అడుగున మిగిలిన మడ్డిని
గుడ్డ మీద ఆరబెట్టి, మూటగట్టి
పరుపుల దొంతరలో దాచేది.
మే నెలలో మేతబీళ్ల మీద కొత్తపాలు పడగానే
మూట తడిసి, నిద్ర లేచి, బుసబుసలాడేది.
వాళ్లమ్మ పెళ్లినాడు పుట్టింటి నుంచి
ఒళ్లో పెట్టుకు తెచ్చిన మూట అది.
అంతకు ముందు ఎవరిదో ఎవరికీ తెలీదు.
పాలు ఏటా కొత్తవే.
పులుపు మాత్రం ఎప్పటిదో.
తోడు అన్న మాట వింటే నాకిప్పటికీ
ముందుగా ముక్కుకు తగిలేది ఆ వాసనే,
మనుషులు తర్వాత.

ఇదంతా సరే, నేను చెప్పాలనుకున్నది
ఖాళీ గడి గురించి.

ముప్ఫై ఒకటో పుస్తకం, ఫిబ్రవరి పదకొండు, రాత్రి.
అంకె లేదు. చుక్కయినా లేదు.
బిష్కెక్ నుంచి వచ్చిన ఆడిలెత్ అనే కుర్రాడు
అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ అక్కడ ఆగాడు.
"పొద్దున నూట మూడు, మర్నాడు నూట ఐదు.
నూట నాలుగు వేసేద్దాం అవ్వా,
వరస తెగకుండా ఉంటుంది."

అమ్మమ్మ అతని చేతి మీద చెయ్యి వేసింది.
"ఆ రాత్రి నేను దిగలేదు."
ఎందుకో చెప్పలేదు.
జ్వరమో, తాతతో గొడవో,
ఏరూ ఇల్లూ ఎవరూ అక్కర్లేదనిపించిన రాత్రో.
"చూడని నీళ్లకి అంకె వేస్తే
చూసినవాటిని ఎవరు నమ్ముతారు నాయనా?
తెగింది. తెగిందనే ఉండనీ.
మర్నాడు దిగాను, అదీ రాసే ఉంది కదా."

కుర్రాడు ఆ గడి అలాగే వదిలేశాడు.
టీ తాగాడు, రెండో గిన్నె కూడా.

ఇప్పుడు ఒడ్డున సోలార్ పలకతో ఒక పెట్టె ఉంది,
గంటకోసారి తనే కొలుచుకుంటుంది.
మిగతా పని నాది. ఎవరూ చెప్పలేదు, జీతమూ లేదు.
నలభై నాలుగో పుస్తకం, నా వంకర అక్షరాలు.

నా భర్త సామాను సర్దుకుని వెళ్లాక
నేను తొమ్మిది రోజులు దిగలేదు.
తొమ్మిది రోజులు, పద్దెనిమిది గడులు.
పేజీ మీద మంచు కురిసినట్టుంది.
పెట్టెలో ఆ అంకెలన్నీ ఉండే ఉంటాయి,
అడిగితే ఆడిలెత్ పంపుతాడు.
అడగలేదు.

ఈ పొద్దున మెట్ల మీద గడ్డకట్టిన మంచు.
కొంచెం జారాను, రెయిలింగు పట్టుకున్నాను,
అమ్మమ్మ అరచెయ్యి అరగదీసిన చోటే.
కొలబద్ద వైపు వంగాను.

నూట ఎనిమిది.