దొరికిన చోటు

మెజెస్టిక్ మెట్రోలో, కింది అంతస్తులో,
మెట్ల చాటున ఒక కిటికీ. కిటికీ వెనక నేను.
ఊరు పారేసుకున్నవన్నీ ఇక్కడికే చేరతాయి:
గొడుగులు, చార్జర్లు, ఒంటి చెప్పు,
ఎవరివో కట్టుడు పళ్లు, సగం అల్లిన స్వెట్టరు.

"నాది" అంటూ వస్తారు అందరూ.
నాది అంటే చాలదు, గుర్తులు చెప్పాలి.
రంగు? పిడి? ఎక్కడ చిరిగింది?
పదేళ్లు చేతబట్టుకు తిరిగిన గొడుగు
నీలమో నలుపో తేల్చలేక నీళ్లు నములుతారు.
ఒక్కొక్కటే తీసి చూపిస్తాను.
ఇది కాదు. ఇదీ కాదు. ఇది అసలే కాదు.

ములబాగిలులో మా నాయన
శనక్కాయలు ఒలుస్తూ ఈ మాటే అనేవాడు:
ఒళ్లు నువ్వు కాదు, పేరు నువ్వు కాదు,
ఆ ఆకలి కూడా నువ్వు కాదు పాపా.
మరి ఆకలి నాకే ఎందుకవుతుంది నాయనా అంటే
గుప్పెడు గింజలు నా ఒళ్లో పోసి నవ్వేవాడు.
జవాబు అదేననుకున్నాను చాలా కాలం.
ఇప్పటికీ అంతకన్నా మంచిది దొరకలేదు.

మంగళవారం, వాన.
పీణ్య వైపు నుంచొచ్చిన బండిలో దొరికిందని
నంజుండ ఒక సంచి తెచ్చాడు.
బల్ల మీద పెట్టలేదు, చేతుల్లోనే ఉంచుకున్నాడు.
లోపల మట్టి కుండ, మూతికి తెల్లగుడ్డ,
గుడ్డ ముడిలో వాడిన తులసి.
విప్పక్కర్లేకపోయింది.

రిజిస్టర్‌కి తెలియదు కదా.
వస్తువు: కుండ. రంగు: మట్టి.
సుమారు విలువ:
పెన్ను అక్కడ ఆగింది.
సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు,
ఇంత అని రాయడానికి లెక్క రాలేదు.
గొడుగుల పక్కన పెట్టబుద్ధి కాక
నా టిఫిన్ డబ్బా కిందికి దించి
ఆ చోట కూర్చోబెట్టాను.
కూర్చోబెట్టాను అనే వచ్చింది నోట్లోంచి.

గంటకి ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.
గుండు మీద ఇంకా వెంట్రుక మొలవలేదు.
పేరు చౌడప్ప, లేత్ మిషను పని.
ఫోనొచ్చిందంట, సీటు కింద పెట్టి
మాట్లాడుతూ మాట్లాడుతూ దిగిపోయాడంట.
"తొమ్మిది స్టేషన్లమ్మా, తొమ్మిదే," అన్నాడు,
తర్వాత మాట రాలేదు.

నియమం నియమమే. గుర్తులు అడిగాను.
"ఎడమ కాలికి రాడ్డు వేశారు,
బూడిదలో దొరికింది, అదీ అందులోనే ఉంది."
పేరు సిద్దమ్మ అన్నాడు.
మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం అన్నాడు.
ఆ మాట దగ్గర ఇద్దరం ఆగాం.

ఫారంలో ఇంకో గడి: వస్తువుకూ మీకూ సంబంధం.
అందరూ సొంతదారు అని రాస్తారు.
అతను చాలాసేపు చూసి
"బాకీదారు" అని రాశాడు.
నేను దిద్దలేదు.
కింద అచ్చులో ఉంది, వస్తువు మంచి స్థితిలో అందినది అని.
సంతకం పెట్టాడు.

రెండు చేతులా అందించాను.
అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.
శ్రీరంగపట్నం బస్సు ఏ ప్లాట్‌ఫారమో చెప్పాను.

తర్వాత మామూలే. హెల్మెట్టు, స్కూలు సంచి, చేతికర్ర.
వచ్చినవాటిని తడవకుండా ఉంచడం,
అడిగినవాళ్లకి ఇచ్చెయ్యడం.
ఈ గదిలో నాది జీతమొక్కటే,
అదీ పదో తారీఖు దాకా.

కిటికీ మూస్తుంటే కనబడింది,
చువ్వకి అతని గొడుగు, ఇంకా కారుతూ.
రిజిస్టర్ మళ్లీ తెరిచాను.
గొడుగు, నలుపు, ఒకటి.
దొరికిన చోటు: ఇక్కడే.