మూడో చుక్క

లెర్విక్‌లో జూన్ నెల పొద్దు గుంకదు.
గుంకినట్టు నటించి, కొండ వెనక నక్కి,
మళ్ళీ తొంగిచూస్తుంది.

మా శనివారం ముగియాలంటే
ఆకాశంలో మూడు చుక్కలు పొడవాలి.
మూడంటే మూడు.
అప్పటిదాకా స్విచ్చి ముట్టకూడదు, పెన్ను ముట్టకూడదు,
సొరుగులో బోర్లా పడుకోబెట్టిన
నా ఫోను అసలే ముట్టకూడదు.

మాంచెస్టర్‌లో ఈ బాధ లేదు.
ప్రెస్ట్‌విచ్‌లో మా వీధి వీధంతా మావాళ్ళే.
ఒక కిటికీలో దీపం వెలిగితే
దాన్ని చూసి పక్క కిటికీ.
మబ్బు పట్టినా సరే,
ఎవరో ఒకరు చూసే ఉంటారని ధీమా.
ఇక్కడ చూడ్డానికి మేం నలుగురమే.
ఆసుపత్రిలో మత్తు డాక్టరు మా అమ్మ,
ఎక్కడున్నా లెక్కలు రాసుకోగలిగే నాన్న,
తొమ్మిదింటికే నిద్రకు తూలే తమ్ముడు ఎల్కానా,
నేను, తిర్జా.
బడిలో నా పేరు మూడు రకాలుగా పిలుస్తారు.
మూడింటికీ పలుకుతాను.

రెండేళ్ళే కదా, అన్నారు.
పెద్దవాళ్ళకు రెండేళ్ళంటే ఒక ఒప్పంద పత్రం.
నాకు మాత్రం
షిఫ్రా కళ్ళజోడు మార్చడం,
నేను లేకుండా నవ్వడం నేర్చుకోవడం.

చలికాలం ఇంకో తమాషా.
శుక్రవారం మధ్యాహ్నం మూడింటికే చీకటి.
కెమిస్ట్రీ క్లాసు సగంలో సంచీ సర్దుకుని లేస్తే
క్లాసంతా నా వీపును చదివేది.
"మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికా?" అన్నారు మాస్టారు ఒకసారి.
అవునన్నాను.
ఆ అవును ఇంకా గొంతులోనే ఉంది,
చేపముల్లులా.

చేపంటే గుర్తొచ్చింది.
గాలికి ఓడ రాని వారం
అబర్డీన్ నుంచి మా కోడీ రాలేదు.
ఓస్లా వాళ్ళ నాయనమ్మ పీపాలో చెయ్యిపెట్టి
నాలుగు ఉప్పు హెర్రింగులు తీసింది.
"మీవాళ్ళు తింటారా ఇవి?"
తింటామా!
మా బూబా వంటిల్లు ఆ పీపాలోంచి లేచి
నా మఫ్లరు పట్టి గుంజింది.
ఉల్లిపాయ ఉందా అని అడగబోయాను.
ఆమె అప్పటికే తరుగుతోంది.

సరే, ఈ రాత్రి సంగతి.
రబ్బీ చెప్పిన గంట లెక్క ఒకటుంది,
అది చాలంటుంది అమ్మ.
నాన్నకు చాలదు, కంటితో చూడాలి.
పన్నెండు దాటాక ఇద్దరం రేవుగోడ మీద కూర్చున్నాం,
పుస్తకం చదువుకోగలిగేంత వెలుతురులో.
చుక్కలు చూపిస్తానని
ఈ ఊళ్ళో ఎవరైనా బెదిరిస్తే నవ్వొస్తుంది.
ఏదీ, చూపించు చూద్దాం.

ఒకటి. నడినెత్తిన, ఉప్పుగల్లంత.
నాన్న ఒక వేలు మడిచాడు.
చాలాసేపటికి రెండోది,
దక్షిణాన, మాంచెస్టర్ ఉండే దిక్కున.
మూడోది లేదు.
సముద్రపక్షి ఒకటి మమ్మల్ని తిట్టుకుంటూ పోయింది.

"అదిగో," అన్నాను.
బ్రెస్సే దీవి పక్కన, నీటికి జానెడెత్తున ఒక వెలుగు.
చుక్కలు అలా ఊగవని నాకు తెలుసు.
నాన్నకీ తెలుసు.
చేపల పడవ కాసేపు అక్కడే నిలబడి
నాతోపాటు అబద్ధమాడింది.
"మూడు," అన్నాడు నాన్న,
లేచి పాంటు దులుపుకుంటూ.

ఇంట్లో జడలా అల్లిన కొవ్వొత్తి,
లవంగాల డబ్బీ,
గోళ్ళ మీద వాలి ఎగిరిపోయే వెలుగు.
ద్రాక్షరసంలో ముంచితే చుయ్‌మంది.
బల్ల మీద ఒలికిన చుక్కలు లెక్కపెట్టాను.
రెండే.

ఫోను తీశాను.
అక్కడ శనివారం ఎప్పుడో అయిపోయింది.
నలభై ఆరు మెసేజీలు, ఎవరింట్లోనో పిజ్జా,
నాకు తెలియని ఒకమ్మాయి
నా చోట్లో నిలబడి, షిఫ్రా భుజం మీద చెయ్యేసి.
మేలుకునే ఉన్నావా, అని కొట్టాను.

షిఫ్రా పేరు కింద
మూడు చుక్కలు మిణుక్కుమన్నాయి.
నాన్నను పిలుద్దామనుకున్నాను.
ఆరిపోయాయి.
మళ్ళీ మిణుక్కు.
కిటికీ బయట అప్పుడే తెల్లారుతోంది,
చీకటి పడనే లేదు.