మూడు మాటలు

గ్రీంస్‌పేట ఆరోగ్య కేంద్రంలో, టీకాల గది పక్కన
నాకొక బల్ల, రెండు కుర్చీలు, ఒక కాగితం.
అరవై దాటినవాళ్ళ మతిమరుపు కొలవమన్నారు.
కొలతంటే ముప్పై మార్కులు.

ఈ పొద్దు పదకొండో మనిషి చెంగల్రాయులు,
బెల్లం మండీలో నలభై ఏళ్ళు కాటా పట్టినాయన.
వెనక బెంచీ మీద ఆయన భార్య కన్నెమ్మ,
ఒళ్ళో ఎక్స్‌రే కవరు, అందులో రేషన్ కార్డు.

"మూడు మాటలు చెప్తాను తాతా, గుర్తుపెట్టుకోండి.
ఆవు. తాళం. మామిడి."
"మామిడంటే ఏది మ్మా, బెంగుళూరానా, నీలమా?"
కాగితంలో దానికి గడి లేదు.

"నూరులోంచి ఏడు తీసేయండి."
"ఎవురి లెక్కలో? రైతుదా, మండీదా?"
తనే నవ్వి తొంభై మూడన్నాడు. ఎనభై ఆరు.
ఆ తర్వాత ముల్లు ఊగుతూనే ఉంది,
ఎక్కడా నిలవలేదు.

కన్నెమ్మ పెదాలు కదిలాయి.
"అవ్వా, అందించకూడదు."
"లేదు మ్మా, అలవాటైపోయినాది."
రెండేళ్ళుగా అట,
పెళ్ళిళ్ళలో ఎదురొచ్చిన ప్రతి మనిషినీ
ఆయన తడుముకోక ముందే
పేరు పెట్టి గట్టిగా పిలిచేది ఆమే.

గడియారం గీయమంటే గుండ్రం చక్కగా గీశాడు.
పన్నెండంకెలూ కుడి పక్కనే కుక్కాడు,
ఒకే వైపు దిమ్మెలెత్తిన బండిలా.
చాలాసేపు చూశాడు.
"ఒరిగిపోతుంది గదా" అన్నాడు.
ఎట్లా సర్దాలో మాత్రం తోచలేదు.

ఇప్పుడు ఆ మూడు మాటలూ అడిగాను.
"ఆవు."
కిటికీ చూశాడు. అరచేతులు చూసుకున్నాడు.
కన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పదిహేడు వేశాను. తిరుపతి రుయాకి చీటీ రాశాను.
ఇది జబ్బు తేల్చడం కాదనీ,
అక్కడ డాక్టరు చూస్తేనే తెలిసేదనీ
మాకు నేర్పిన వాక్యం అప్పజెప్పాను.
కన్నెమ్మ చీటీని రేషన్ కార్డులో పెట్టింది.
"అయితే ఇంక నేను అందించొచ్చా మ్మా?"

పన్నెండో ఆవిడ కుర్చీలో సర్దుకుంటుండగా
గుమ్మంలో మళ్ళీ చెంగల్రాయులు,
చెప్పులు చేత్తో పట్టుకొని.
"తాళం" అన్నాడు.
వెనక మెట్ల మీద కన్నెమ్మ
రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది,
నేను కాదు, నేను చెప్పలేదని.

మార్కు వేయకూడదు, వేళ దాటింది.
కాగితం అంచున పెన్సిలుతో
మాట రాశాను,
పక్కనే టైము.