చెమ్మ

గోడకు చెవి ఆనిస్తా నేను,
డాక్టరు మాదిరి కాదు,
పక్కింటి కొట్లాట వినే మనిషి మాదిరి.
నీళ్ళు లోపల గొణుగుతాంటాయి.
యాడ అని మాత్రం చెప్పవు.

బసవనగుడి, గాంధీ బజారు వెనక సందు.
పంకజమ్మగారి దేవుడి గదిలో చెమ్మ.
పటాల వెనక సున్నం పొక్కులు లేచి
ముట్టుకుంటే వడియం మాదిరి రాలుతాంది.
నాకు ముందే ముగ్గురు వచ్చినారంట.
ఒకడు రంగు కొట్టి పోయినాడు,
ఒకడు మిద్దె మీద ట్యాంకు మార్చమన్నాడు,
ఫోన్లో బుక్ చేస్తే వచ్చినోడు
ఫోటోలు తీసుకొని, ఐదు స్టార్లు అడిగి పోయినాడు.
"నీనాదరూ నోడప్పా" అనె ఆమె.

సుత్తి పిడితో తట్టుకుంటా పోతి.
గట్టి. గట్టి. గట్టి.
నడుమెత్తున ఒక చోట
పుచ్చిన గుమ్మడి మాదిరి పలికె.
అక్కడ ఉలి పెడితి.

ఇటుక వెనక పాత ఇనుప పైపు,
రెండు జాయింట్లు, జానెడు దూరంలో.
ఎడమది ఎండి ఉండె.
దాని మెడ మీద ఆకురాయితో గీసిన
చిన్న సిలువ.

కూలబడితి.
సవరిముత్తు మేస్త్రి గుర్తు అది.
శివాజీనగర్ మనిషి. జనపనార చుట్టి
కొసను పంటితో తెంపి, సఫేదా పూసి,
సిలువ గీస్తే గాని పక్క పనికి పోడు.
పోయి తొమ్మిదేండ్లాయె.
కల్పళ్ళిలో రాయి మీద పేరు సగం చెరిగింది,
ఈ ఊరి గోడల్లో ఎన్ని సిలువలున్నాయో
ఎవరు లెక్క పెట్టినారు?

అంటే ఈ ఇల్లు...
ఈ ఇల్లేనా?
వాకిట సంపంగి చెట్టు లేదు, గేటు మారింది,
నేనెట్ల గుర్తుపడతా?
కదిరి నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలే.

కుడిది ఏడుస్తాంది.
కుడిది నాది.

ఇరవై మూడేండ్ల కింద ఒక శుక్రవారం
మ్యాట్నీకి టైమైతాందని
నార ఎదురు చుట్టు చుడితి,
బిగించే కొద్దీ విప్పుకుంటా పోయే చుట్టు.
"సరిగ్గా ఉందా కాటమా?" అని మేస్త్రి అడిగె.
"ఉంది మేస్త్రీ."
వాల్వు తిప్పి చూస్తే చుక్క రాలే ఆ పొద్దు.
ఆ మాటకొస్తే ఇరవై ఏండ్లు రాలే.
సినిమా పేరే గుర్తు లేదు నాకు.

"ఎవరు చేసింది ఈ పని?" అని పంకజమ్మ.
"ఎవడో పిల్లోడమ్మా."
"చేతులు లేవా వానికి?"
"చేతులుండె."

మొత్తం పెరికి ప్లాస్టిక్ పైపు వేయాల, పద్ధతి అదే.
నా ఎల్బో మాత్రం కోసి తీస్తి,
సిలువ జోలికి పోలే.
సంచిలో తెల్ల టేపుంది, నార లేదు.
హార్డ్‌వేరు అంగడి పిల్లోడు నార అంటే నవ్వె.
టెంకాయలమ్మే ఆమె గోనె అంచు నుంచి
నాలుగు పోగులు అడుక్కొని వచ్చి
మర తిరిగే దారినే చుడితి.

కూలి ఎంతంటే, సామాను దుడ్డు చాలంటి.
కండ్లద్దాలు తీసి చూసె నన్ను.
తక్కువ చెప్పినోడు మళ్ళీ రాడని
ఆమె అనుమానం.
క్యాలెండరు మీద నంబరు రాసుకొని
నా ముందే ఒకసారి మోగించి చూసుకొనె.
పేరు కూడా అడిగి రాసుకొనె.
అపార్ట్‌మెంటు గేట్ల కాడ పుస్తకాల్లో
నా పేరు గడిలో ప్లంబర్ అనే ఉంటాది.

బొక్క పూడ్చలే. మూడు పొద్దులు చూద్దామంటి.
మూడో పొద్దు
మారతహళ్ళి గీజరు పని సగంలో వదిలి పోతి.
ఆమె ఆ బొక్కలో, దేవుడి గదే కదా,
ఊదుబత్తి గుచ్చి పెట్టింది.
నా జాయింటు కింద బూడిద
వంకరగా, పొడిగా,
విరక్కుండా పడి ఉండె.
వేలితో ముట్టి చూస్తి.
ఆ తర్వాతే సిమెంటు కలిపితి.