వినియోగ ధ్రువపత్రం

మూడేండ్ల కింద ఢిల్లీల మంజూరైన పైసలు
ఆఖరి కిస్తు మార్చి ఇరవై తొమ్మిదిన పడ్డది.
ఎల్లుండికల్లా లెక్క చూపాలె, లేకుంటే వాపస్.
హన్మకొండ, అకౌంట్స్ సెక్షన్: నేను, ఫ్యాను, ఫైలు.
విషయం: కణ భౌతికశాస్త్రంలో కృత్రిమ మేధ.

"గీ మిషిన్ ఏం జేస్తదమ్మా?"
"కణాలు గుద్దుకుంటయి సార్, సెకనుకు కోట్ల సార్లు.
పనికొచ్చేది ఏ ఒక్కటో.
అది చూడంగనే పట్టుకునుడు దీనికి నేర్పుతున్న"
అన్నది సుమలత.

ఎనుమాముల మార్కెట్ల మా అమ్మ
మిర్చి కుప్ప ముందు కూసునేది.
చూపు ఆగకముందే
తాలుకాయ పక్కకు పడేది.
ఆమెకు ఎవ్వలు నేర్పిన్రో, ఏ పద్దు కింద నేర్పిన్రో
ఏ ఫైల్ల లేదు.
రాత్రి ఎన్నిసార్లు కడిగినా కండ్ల మంట పోకపోయేది.

కాలమ్ ఐదు: సాధించిన ఫలితం.
"ఏం రాయాలె?"
సుమలత పెన్ను మూత కొరికింది.
"కొత్త కణం దొరకలే సార్.
ఎక్కడెక్కడ లేదో తెలిసింది."

ఇరవై ఆరేండ్ల సర్వీసుల
లేనివాటికి బిల్లులు శానా పాస్ చేసిన.
లేదని నిజం చెప్పిన బిల్లు
ఇదే మొదలు.

ముద్ర కొట్టిన.
వేలికి అంటిన ఎర్రసిరా
కంటికి తగలనియ్యలే.