తొమ్మిది తర్వాత

జనవరి. క్లాక్స్‌విక్ రేవు. ఉదయం ఏడు.
ఇక్కడ పది కావస్తేగాని కొండలు ముఖం చూపించవు.
తాళం తీసి, దీపం వేసి, కాఫీ పెట్టి
కంప్యూటర్ ముందు కూర్చుంటే
తెర ఎంతో నెమ్మదిగా చెప్పింది:
అంతా తాజాగా ఉంది.

అప్పుడే తలుపు తోసుకుని సీమున్ వచ్చాడు,
గడ్డం నిండా ఉప్పు.
"రణ్వా, మీ బోర్డు నీళ్లు దిగుతున్నాయంటోంది.
నీళ్లు మూడో మెట్టెక్కాయి.
ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు.
నా బూట్లు తడిశాయి గనక
నేను నీళ్ల పక్షం."

ఆటుపోట్లు లెక్కగట్టే ప్యాకేజీ ఒకటుంది మాకు.
నిన్నటి దాకా అది 2.10.
రాత్రి డ్యూటీలో హోగ్ని,
ఇరవై రెండేళ్లవాడు, పచ్చ బొత్తం కనిపిస్తే వేలు ఆగదు.
తెర అడిగింది: కొత్తది వచ్చింది, 2.9, వేసుకుంటావా?
వేసుకున్నాడు.
వాడిని ఏమనను?
ఎడమ గడిలో "ఉన్నది", కుడి గడిలో "దొరికేది",
మధ్యలో బాణం,
అది ఎటు వెళ్తోందో బాణానికే తెలియాలి.
ఇంకో గడి పేరు "అభ్యర్థి".
ఏ ఎన్నికలో, ఎవరు నిలబెట్టారో!
అందులో 1:0.8 అని ఉంది.
సున్నాతో మొదలైనది
రెండుతో మొదలైనదాన్ని ఎలా ఓడిస్తుందో
చెప్పగలిగిన మనిషి ఒక్కడే,
అతను కోపెన్‌హేగన్‌లో, వచ్చే మంగళవారం దాకా సెలవులో.

సీమున్ కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకున్నాడు.
మేం దశాంశానికి కామా పెడతాం.
చుక్క మాకు వాక్యం ఆపడానికే.
అందుకని ఆగి ఆగి చదివాడు:
"రెండు.
పది.
రెండు.
తొమ్మిది."
తర్వాత నా వైపు తిరిగి,
"నాకు రెండు దొడ్లు.
రెండో దొడ్లో మొన్న తొమ్మిది పిల్లలు, నిన్న పది.
ఇవాళ తొమ్మిదే ఉంటే
కొత్త మంద వచ్చిందని పండగ చేసుకోను,
కొండెక్కి వెతుకుతాను."

ఇంతకాలం ఏ పుస్తకమూ
నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు.
చుక్క అంటే కంచె.
కంచె దాటితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.
తెరకు మాత్రం పది అంటే
ఒకటి, పక్కన ఒక సున్నా.
ఒకటిని తొమ్మిది పక్కన నిలబెట్టి
ఎత్తు కొలిచి
పొట్టిది అని పక్కకు నెట్టేసింది.

సరే, తప్పు తెలిసింది, దిద్దుదామనుకున్నాను.
పది నొక్కాను.
ఎర్రటి పెట్టె ఎగిరొచ్చింది:
మీరు వెనక్కి వెళ్తున్నారు.
ఇది ప్రమాదం కావచ్చు.
ఖాయమైతే "అవును" అని పూర్తిగా టైపు చెయ్యండి.

తొమ్మిదికి దిగడానికి ఒక్క నొక్కు,
పదికి ఎక్కడానికి ప్రమాణపత్రం.
రాశాను, అక్షరం అక్షరం, అవును,
చలికి వేళ్లు కొయ్యబారి ఒకసారి తప్పుపోయి
మళ్లీ రాశాను.

నలభై నిమిషాల తేడా బోర్డు మీద సర్దుకుంది.
కల్సోయ్ పడవ అప్పటికే వెళ్లిపోయింది,
దాని సారంగు బోర్డు వంక ఎన్నడూ చూడడట,
రేవు గోడ మీది నాచు చూస్తాడట.
ఆ మాట సీమున్ ఇప్పుడు చెప్పాడు,
నా కాఫీ సగం తాగేశాక.

తెర మీద పచ్చ బొత్తం మళ్లీ వెలిగింది.
కొత్తది వచ్చింది: 2.9.

వలల గదిలోంచి నీలం టేపు తెచ్చి
బొత్తం మీద అడ్డంగా అంటించి
మందపాటి కలంతో రాశాను:
తొమ్మిది తర్వాత పది.

సాయంత్రం హోగ్ని వచ్చాడు, టోపీ తీశాడు, చదివాడు.
"ఇది మా చెల్లెలికి కూడా తెలుసే," అన్నాడు నవ్వుతూ.
టేపు అంచు పట్టుకుని
కింద ఏముందో చూడబోయాడు.